పొరపాటున చంపారట

2017 ఫిబ్రవరి 22 సాయంత్రం. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం, ఒలేతా పట్నం. ఆఫీసు అయ్యాక ఇద్దరు తెలుగు ఇంజినీర్లు తమకు అలవాటైన బార్‌కు వెళ్లి బయట కూర్చున్నారు. కాసేపటికి యాభై దాటిన ఒకాయన వాళ్ల దగ్గరికొచ్చి, ఏ వీసా మీద ఉన్నారు అంటూ ఆరా తీయడం మొదలుపెట్టాడు. తర్వాత తిట్లకు దిగాడు. అక్కడున్న వాళ్లు అతన్ని బయటికి పంపేశారు. పోయినవాడు తుపాకితో తిరిగొచ్చి, నా దేశం నుంచి వెళ్లిపొమ్మని అరుస్తూ కాల్చాడు. 32 ఏళ్ల కూచిభొట్ల శ్రీనివాస్ చనిపోయాడు. స్నేహితుడికి, అడ్డుపడబోయిన ఒక అమెరికన్ యువకుడికి తూటాలు తగిలాయి. కాల్చినవాడు పక్క రాష్ట్రం మిజోరీలోకి పారిపోయి, అక్కడొక రెస్టారెంటు సిబ్బందితో తాను ఇద్దరు ఇరానియన్లను కాల్చి వచ్చానని చెప్పాడు. ఆ మాటే అతన్ని పట్టించింది.

ఆ వార్త ఇక్కడికి చేరేసరికి అందులో ఒక మాట వచ్చి కూర్చుంది. ‘ఇరానియన్ అనుకుని పొరపాటున’ చంపాడట. చెప్పినవాళ్ల ఉద్దేశం మంచిదే. చనిపోయినవాడు అమాయకుడని చెప్పాలనే వాళ్ల తాపత్రయం. కానీ ఆ ‘పొరపాటు’ ఎక్కడుందో ఒకసారి చూడాలి. అడ్రసు తప్పిన ఉత్తరాన్ని పొరపాటు అంటాం. అంటే దానికి ఒక సరైన అడ్రసు ఉందన్నమాటే కదా. మరి ఆ తూటాకు సరైన అడ్రసు ఎవరిది? ఆ కుర్చీలో నిజంగానే ఒక ఇరానియన్ ఇంజినీరు కూర్చుని ఉంటే లెక్క సరిపోయేదా?

అరబ్బుల మీద, ముస్లింల మీద ఉన్న ద్వేషం ఎలా పనిచేస్తుందో ఈ ఒక్క మాటలోనే చాలావరకు కనిపిస్తుంది. ఆ ద్వేషానికి మనిషి అక్కర్లేదు. ఒక బొమ్మ చాలు. చామనఛాయ, నల్ల జుట్టు, గడ్డం, తలకు గుడ్డ, అర్థంకాని భాష. వీటిలో రెండు కలిస్తే బొమ్మ పూర్తయినట్టే. మిగతా వివరాలు తర్వాత పోలీసులు చూసుకుంటారు.

ఆ బొమ్మలో ఎన్ని తేడాలు కలిసిపోయాయో చూడండి. ఇరాన్ అరబ్ దేశం కాదు. అక్కడి ప్రధాన భాష ఫార్సీ, అరబిక్‌తో దానికి చుట్టరికం లేదు, మన హిందీ, ఉర్దూలతో ఉంది. ప్రపంచంలోని ముస్లింలలో అరబ్బులు దాదాపు ఐదో వంతే. అత్యధిక ముస్లింలున్న దేశం ఇండోనేషియా. పోనీ అరబ్బులంతా ముస్లింలా అంటే అదీ కాదు. 19వ శతాబ్దం చివర్లో లెబనాన్, సిరియా కొండ ప్రాంతాల నుంచి అమెరికా వెళ్లిన తొలి అరబ్బుల్లో ఎక్కువమంది క్రైస్తవులు. ఇక శ్రీనివాస్‌ది హైదరాబాద్. ఆ ఊళ్లో ‘ఇరానీ’ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది చాయ్, దాని పక్కన ఉస్మానియా బిస్కెట్.

ఒలేతా కంటే ముందే ఇలాంటివి జరిగాయి. 2001 సెప్టెంబర్ 11 దాడులైన నాలుగో రోజున అరిజోనాలోని మేసాలో బల్బీర్ సింగ్ సోధీ అనే సిక్కు తన పెట్రోల్ బంకు ముందు పూలమొక్కలు నాటుతుండగా ఒకడు కాల్చి చంపాడు. అంతకుముందే ఆయన దాడి బాధితుల నిధికి విరాళం ఇచ్చి వచ్చాడు. అదే రోజు టెక్సాస్‌లోని డాలస్‌లో మరొకడు అరబ్బుల మీద పగ తీర్చుకుంటానని బయలుదేరాడు. మూడు వారాల్లో ముగ్గుర్ని కాల్చాడు. మొదటివాడు పాకిస్తానీ, రెండోవాడు బంగ్లాదేశీ, మూడోవాడు గుజరాతీ హిందువు. ఇద్దరు పోయారు, బంగ్లాదేశీకి ఒక కన్ను పోయింది. అరబ్బుల వేటకు వెళ్లినవాడికి ఒక్క అరబ్బూ దొరకలేదు, దొరకలేదన్న సంగతీ అతనికి పట్టలేదు. ఆ కన్ను పోయిన మనిషే తర్వాత, తనను కాల్చినవాడికి మరణశిక్ష వద్దని కోర్టుల చుట్టూ తిరిగాడు. ఆ ప్రయత్నం ఫలించలేదు, 2011లో ఆ శిక్ష అమలైంది.

ఓక్లహోమాలోని టల్సాలో 2016లో జరిగింది మరీ విడ్డూరం. ఖాలిద్ జబారా కుటుంబం లెబనాన్ నుంచి వచ్చింది. వాళ్లు క్రైస్తవులు. పక్కింటివాడు ఏళ్ల తరబడి వాళ్లను మురికి అరబ్బులని, ముస్లింలని తిట్టేవాడు. ఒకసారి ఖాలిద్ తల్లిని కారుతో గుద్దాడు. ఆ కేసులో బెయిలు మీద బయటికొచ్చి, ఆగస్టులో ఖాలిద్‌ను అతని సొంత ఇంటి గుమ్మంలోనే చంపాడు. ఇంత జరిగినా ఆ ఏడాది ఎఫ్‌బీఐ విద్వేష నేరాల లెక్కలో ఆ హత్య లేదు. స్థానిక పోలీసుల నుంచి ఆ లెక్క పైకి చేరలేదు. 2021లో లెక్కల సేకరణ మెరుగుపరచడానికి అమెరికా ఒక చట్టం చేసి, ఖాలిద్ పేరును కూడా దానికి పెట్టింది.

లెక్కల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఎఫ్‌బీఐ లెక్క ప్రకారం ముస్లిం వ్యతిరేక ఘటనలు 2000లో 28. మరుసటి ఏడాది 481. కానీ ఆ ఏడాది లెక్కల్లో అరబ్బులకంటూ విడిగా గడి లేదు, సిక్కులకు లేదు, హిందువులకూ లేదు. ఆ గడులు 2015లో వచ్చాయి. జనాభా లెక్కల్లో తిరకాసు ఇంకా పాతది. 1915లో ఒక సిరియా క్రైస్తవుడు కోర్టుకెక్కి తాను ‘తెల్లవాడినే’ అని గెలిచాడు, ఎందుకంటే అప్పట్లో వలస వచ్చినవాళ్లకు పౌరసత్వం కావాలంటే తెల్లవాళ్లో, ఆఫ్రికా మూలాలవాళ్లో అయి ఉండాలి. ఆ దారిలోనే వందేళ్లకు పైగా అరబ్బులు ప్రభుత్వ కాగితాల్లో తెల్లవాళ్లుగా ఉండిపోయారు. వాళ్లకు వేరే వర్గం పెట్టాలని 2024 మార్చిలో నిర్ణయించారు. కాగితం మీద తెల్లవాడు, ఎయిర్‌పోర్ట్ లైన్లో అనుమానితుడు. ఈ రెండూ ఒకే మనిషి.

మరి ఈ బొమ్మ ఎక్కడ తయారైంది? సెప్టెంబర్ 11తో మొదలైందనుకుంటే పొరపాటే (ఇది మాత్రం నిజంగా పొరపాటే). 1973లో అరబ్ దేశాలు చమురు ఆపినప్పుడు అమెరికాలో పెట్రోల్ బంకుల ముందు కార్లు బారులు తీరాయి. కార్టూన్లలో పొడుగు చొక్కా షేక్ ప్రత్యక్షమయ్యాడు. 1979లో టెహ్రాన్‌లో అమెరికా ఎంబసీ సిబ్బందిని బందీలుగా పట్టుకున్నారు. 52 మంది 444 రోజులు చెరలో ఉన్నారు. రోజూ రాత్రి టీవీలో అదే వార్త. ఒలేతాలో కాల్చినవాడికి అప్పటికి పదమూడు పద్నాలుగేళ్లు. అతని నోటికి ‘అరబ్’ అని కాకుండా ‘ఇరానియన్’ అనే మాటే ఎందుకు వచ్చిందో అతనికే తెలియాలి. కానీ ఆ వయసులో చెవిలో పడ్డ మాటలు అంత తేలిగ్గా పోవు.

సినిమాల గురించి ఎంతైనా రాయొచ్చు గానీ ఒక్క ముక్క చాలు. 1992లో డిస్నీ తీసిన ఒక పిల్లల సినిమాలో మొదటి పాటే అరబ్ దేశాన్ని వర్ణిస్తూ, మొహం నచ్చకపోతే అక్కడ చెవి కోసేస్తారని చెప్పింది. అరబ్ అమెరికన్లు గొడవ చేస్తే మరుసటి ఏడాది ఆ చరణం మార్చారు. ఆటవికం అన్న మాటను మాత్రం ఉంచేశారు. మన తెలుగు సినిమాలో సుర్మా పెట్టుకుని ఆదాబ్ చెప్పే విలన్ ఏ పాఠశాల నుంచి వచ్చాడో వేరే చెప్పక్కర్లేదు.

వార్తల్లో ఈ తేడా కొలిచి చూపించారు. 2006 నుంచి 2015 వరకు అమెరికాలో జరిగిన తీవ్రవాద దాడులను పరిశీలిస్తే, ముస్లింలు చేసిన దాడులకు మిగతా వాటి కంటే 357 శాతం ఎక్కువ వార్తా కవరేజీ దొరికిందని అలబామా యూనివర్సిటీ పరిశోధకులు తేల్చారు. అబద్ధం రాయనక్కర్లేదు. ఒక రకం నిజాన్ని పదిసార్లు, ఇంకో రకాన్ని రెండుసార్లు చెబితే పని అయిపోతుంది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. సెప్టెంబర్ 11న విమానాలు హైజాక్ చేసిన 19 మందీ అరబ్ ముస్లింలే కదా, అందులో 15 మంది సౌదీ వాళ్లు కదా, అనుమానం పుట్టదా? మతం పేరుతో మనుషుల్ని చంపే ముఠాలు ఉన్నాయి, వాటి చేతిలో ఎక్కువగా చచ్చింది ఇరాక్, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ లాంటి చోట్ల సామాన్య ముస్లింలే. ఆ ముఠాలను తిట్టడం, ఇస్లాంలోని ఏ ఆచారాన్నైనా ప్రశ్నించడం ద్వేషం కాదు. ఏ మతాన్నైనా ప్రశ్నించొచ్చు. తేడా ఎక్కడంటే, ఒకడు ఏం చేశాడు అని అడగడం మానేసి వాడు ఎవరు అని అడగడం మొదలైన చోట. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఇక్కడ తడుముకోకపోయినా ఊరుకోరు. ఎక్కడో బాంబు పేలితే, దాంతో ఏ సంబంధమూ లేని పంటి డాక్టరు ముందుకొచ్చి ఖండించాలి. ఖండిస్తే ‘ఇంత ఆలస్యంగానా’ అంటారు.

1995 ఏప్రిల్ 19న ఓక్లహోమా సిటీలో ప్రభుత్వ భవనాన్ని పేల్చేసినప్పుడు 168 మంది చనిపోయారు. అందులో 19 మంది చిన్నపిల్లలు. మొదటి గంటల్లోనే టీవీల్లో ‘మధ్యప్రాచ్య’ హస్తం గురించి చర్చలు మొదలయ్యాయి. పట్టుబడింది అమెరికా సైన్యంలో పనిచేసి వచ్చిన తెల్లజాతి యువకుడు. ఆ తర్వాత సైన్యం నుంచి తిరిగొచ్చిన తెల్ల కుర్రాళ్లందరినీ పోలీస్ స్టేషన్‌కొచ్చి వేలిముద్రలు వెయ్యమని ఎవరూ అడగలేదు. అడగకపోవడమే న్యాయం.

2002లో మాత్రం అడిగారు, వేరేవాళ్లను. 25 దేశాల నుంచి వచ్చి తాత్కాలిక వీసాల మీద ఉన్న, 16 ఏళ్లు దాటిన మగవాళ్లంతా వచ్చి వేలిముద్రలిచ్చి పేరు నమోదు చేసుకోవాలన్నారు. ఆ 25లో 24 ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశాలు, మిగిలింది ఉత్తర కొరియా. 80 వేల మందికి పైగా వరుసలో నిలబడ్డారు. 13 వేల మందికి పైగా దేశం నుంచి పంపించే కేసులు ఎదుర్కొన్నారు, ఎక్కువగా వీసా గడువు లాంటి లోపాల మీద. తీవ్రవాద నేరం రుజువైన దాఖలా ఒక్కటీ బయటికి రాలేదు.

న్యూయార్క్ పోలీసులు ఇంకో అడుగు ముందుకేశారు. 2003లో ఒక రహస్య విభాగం పెట్టి, మామూలు బట్టల్లో ఆఫీసర్లను ముస్లింల హోటళ్లకు, కిరాణా కొట్లకు, మసీదులకు పంపారు. ఏ టీ కొట్లో టీవీలో అల్ జజీరా నడుస్తోంది, కౌంటర్లో ఉన్నవాడిది ఏ దేశం, ఎవరు ఏం మాట్లాడుకుంటున్నారు, ఇవన్నీ రాసుకొచ్చేవాళ్లు. 2011లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ దీన్ని బయటపెట్టింది. మరుసటి ఏడాది కోర్టు విచారణలో ఆ విభాగం పైఅధికారి చెప్పిన మాటలు చదివితే తల తిరుగుతుంది. ఆ నిఘా నుంచి ఒక్క తీవ్రవాద దర్యాప్తు కూడా మొదలవలేదని ఆయనే ఒప్పుకున్నాడు. మరి ఒక కొట్లో విన్న మామూలు సంభాషణను ఎందుకు రాసిపెట్టారంటే, అక్కడ ఉర్దూ వినిపించింది, మాట్లాడినవాళ్లు పాకిస్తానీలు, తీవ్రవాది ఎవడైనా వస్తే ఇలాంటి చోట కలిసిపోగలడు అన్నది ఆయన వివరణ. ఉర్దూ వినిపించడమే ఆధారమైతే నాంపల్లి స్టేషన్ నుంచి చార్మినార్ దాకా ఏ చాయ్ హోటల్ మిగులుతుంది? 2014లో ఆ విభాగాన్ని మూసేశారు.

2017 జనవరి 27న ట్రంప్ ఏడు దేశాల వాళ్లు అమెరికాలోకి రాకూడదని ఉత్తర్వు ఇచ్చాడు: ఇరాన్, ఇరాక్, లిబియా, సోమాలియా, సుడాన్, సిరియా, యెమెన్. సెప్టెంబర్ 11 హైజాకర్లలో ఒక్కడు కూడా ఈ ఏడు దేశాల వాడు కాదు. ఆ ఉత్తర్వు వచ్చిన నాలుగు వారాలకు ఒలేతాలో తుపాకి పేలింది. ఉత్తర్వు వల్లే పేలిందని తేల్చి చెప్పలేం. ప్రభుత్వం జాబితాలోని ఒక పేరూ, కాల్చినవాడి నోట్లోని పేరూ ఒకటే అని మాత్రం చెప్పొచ్చు.

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకోవడానికి మనకు వీల్లేదు. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో శుక్రవారం నమాజు సమయంలో బాంబు పేలింది. పేలుడులో 9 మంది, తర్వాత పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు పోయారు. చచ్చిందీ ముస్లింలే, ఆ తర్వాత పాతబస్తీలో పోలీసులు పట్టుకెళ్లిన పదుల మంది కుర్రాళ్లూ ముస్లింలే. చిత్రహింసలు పెట్టారని వాళ్లు చెప్పారు. కోర్టుల్లో కేసులు నిలబడలేదు. చివరికి అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాళ్లకు పరిహారం ప్రకటించి, దాంతోపాటు వీళ్లు మంచివాళ్లే అని క్యారెక్టర్ సర్టిఫికెట్లు ఇచ్చింది. పరిహారం ఉత్తర్వులను తర్వాత హైకోర్టు కొట్టేసింది. దర్యాప్తు చేతులు మారి హిందుత్వ వాదుల మీద ఛార్జిషీటు పడింది. 2018లో కోర్టు వాళ్లనూ నిర్దోషులుగా వదిలేసింది. పోయినవాళ్లను ఎవరు చంపారో కాగితం మీద ఇప్పటికీ ఖాళీయే. ఒక పాతికేళ్ల కుర్రాడు ఉద్యోగం ఇంటర్వ్యూకి డిగ్రీ సర్టిఫికెట్టు పక్కన, తాను బాంబు పెట్టలేదన్న సర్కారు సర్టిఫికెట్టు కూడా పట్టుకెళ్లాల్సి రావడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

దానికి ఇంత పెద్ద కేసు కూడా అక్కర్లేదు. హైదరాబాద్‌లో ఏ కాలనీలోనైనా టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే అద్దె చెప్పకముందే వచ్చే ప్రశ్న ‘పేరేంటండీ?’ పేరు చెప్పగానే ‘ఇప్పుడే ఎవరో అడ్వాన్స్ ఇచ్చేశారండీ’. బోర్డు మాత్రం ఇంకో నెల వేలాడుతూనే ఉంటుంది. కాదని ఎవరూ అనరు. నిరూపించడానికి ఏమీ ఉండదు. ఫ్రాన్స్‌లో పరిశోధకులు దీన్ని నిరూపించే ఉపాయం కనిపెట్టారు. ఇంటిపేరు ఒకటే, దియూఫ్. ఇద్దరూ సెనెగల్ మూలాలున్న అమ్మాయిలే, చదువూ అనుభవమూ సమానం. ఒక రెజ్యూమేలో పేరు మారీ, ఇంకోదానిలో ఖదీజా. మారీకి ఇంటర్వ్యూ పిలుపు వచ్చే అవకాశం రెండున్నర రెట్లు ఎక్కువ ఉంది. రంగు, దేశం, ఇంటిపేరు అన్నీ ఒకటే కాబట్టి ఈ తేడా దేనివల్లనన్న వాదనకు చోటే లేదు.

అరబ్బులతో తెలుగు నేలకు ఉన్న సంబంధం చాలామంది అనుకునే దానికంటే పాతది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో చేరడానికి వచ్చిన వాళ్ల వారసులు ఇప్పటికీ హైదరాబాద్ బార్కస్‌లో ఉన్నారు, ఆ పేరే ‘బ్యారక్స్’ నుంచి వచ్చింది. రంజాన్ నెలలో ఊరంతా ఎగబడి తినే హలీం వెనక వాళ్ల హరీస్ ఉంది. ఇటునుంచి కరీంనగర్, జగిత్యాల, కడప, గోదావరి జిల్లాల నుంచి లక్షలమంది గల్ఫ్ వెళ్లారు. పాస్‌పోర్టు లాక్కున్న యజమాని గురించి ఏడ్చినవాళ్లూ ఉన్నారు, సేఠ్ పుణ్యమా అని చెల్లెలి పెళ్లి చేశానని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఇంకో పక్క, 1991లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో ఏడుస్తున్న చిన్నపిల్లను ఎయిర్ హోస్టెస్ గమనించింది. ముసలి సౌదీ మొగుడి నుంచి ఆ పిల్లను కాపాడిన ఘటన దేశమంతా సంచలనమైంది. అది నిజంగా జరిగిన దారుణం. అలాంటివి ఆ తర్వాతా జరిగాయి. కానీ ఆ ఒక్క ముసలివాడి మొహమే తెలుగు పత్రికల కార్టూన్లలో ‘షేక్’ మొహం అయి కూర్చుంది. బ్రోకరుగా పనిచేసిన స్థానికుడి బొమ్మ మాత్రం ఎవరికీ గుర్తు లేదు.

ఒకరినొకరు తెలుసుకుంటే ఇవన్నీ పోతాయని తరచూ అంటుంటారు. చాలాసార్లు నిజమే. కానీ 2023 అక్టోబర్ 14న షికాగో దగ్గర ఆరేళ్ల పాలస్తీనా అమెరికన్ పిల్లవాడిని, ఆ ఇంటి యజమానే కత్తితో 26 సార్లు పొడిచి చంపాడు. తల్లినీ పొడిచాడు, ఆమె బతికింది. వాళ్లు అతని ఇంట్లోనే అద్దెకుంటున్నారు. ఆ పిల్లవాడు ఎవరో అతనికి బాగా తెలుసు. గాజా యుద్ధం మొదలయ్యాక వారం రోజుల్లో, రేడియోలో, వార్తల్లో వింటున్న బొమ్మ కళ్లెదుట రోజూ తిరిగే పిల్లవాడిని మింగేసింది. ఇక్కడ ఏ పొరపాటూ లేదు. 2025లో కోర్టు 53 ఏళ్ల జైలుశిక్ష వేసింది, మూడు నెలలు తిరక్కముందే అతను కస్టడీలో చనిపోయాడు.

2001 తర్వాత అమెరికా సిక్కులకు ఒక సులువైన దారి కనిపించింది. ‘మేం ముస్లింలం కాదు’ అని చొక్కా మీద రాసుకుంటే సరి. కొందరు ఆ మాట అన్నారు కూడా. కానీ చాలామంది సిక్కు కార్యకర్తలు ఆ దారి పట్టకూడదని తేల్చుకున్నారు. అలా అంటే, పక్కింటివాడిని కొట్టుకోండి అని చెప్పినట్టే కదా అన్నది వాళ్ల వాదన. ప్రాణభయం ఉన్నప్పుడు ఆ నిర్ణయం తీసుకోవడం మాటలు కాదు.

ఒలేతా తర్వాత తెలుగువాళ్లలోనూ సలహాలు తిరిగాయి. బయట తెలుగులో గట్టిగా మాట్లాడకండి, ఎవరైనా రెచ్చగొడితే వాదనకు దిగకండి, ఒంటరిగా తిరగకండి. ఇక్కడి నుంచి ఫోన్లు చేసిన అమ్మానాన్నలు ఇంకాస్త కలిపారు. గడ్డం తీసెయ్ నాన్నా, ఎవరైనా అడిగితే ఇండియన్ అని ముందే చెప్పు. భయంలో ఉన్న కన్నవాళ్లను తప్పుపట్టలేం. కానీ అదే యూనివర్సిటీలో, అదే ల్యాబ్‌లో పక్క బెంచీలో కూర్చున్న కుర్రాడికి టెహ్రాన్ నుంచి ఆ వారంలో వాళ్లమ్మ కూడా ఫోన్ చేసే ఉంటుంది. ఎవరైనా అడిగితే ఏం చెప్పమని ఉంటుంది?